ముందు సీటు

నరసాయమ్మ తమ్ముడు ముసలయ్యతో వచ్చిన చిక్కేమిటంటే, వాడు పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క తప్పూ చేయలేదు. కుండ జారింది. గేదె తాడు తెంపుకుంది. రాయి వెళ్ళే దారిలోకి పక్కింటి కిటికీ అద్దం అడ్డొచ్చింది. పరీక్షలో మార్కులు పోయాయి, ఎక్కడికి పోయాయో వాడికి తెలీదు. పెళ్ళయిన ఏడాదికే పెళ్ళాం అలిగి పుట్టింటికి పోతే "బస్సు వెళ్ళిపోయిందక్కా" అన్నాడు, నేరమంతా ఆర్టీసీ వాళ్ళదైనట్టు. అలాంటి మనిషికి, ఒక ప్రాణం పోయిన కేసులో, కమిటీ ముందు నిలబడి తప్పు నాదని చెప్పాల్సిన పని పడింది.

తాతగారి పేరు నిలపాలని పురిట్లోనే ముసలయ్య అని పిలిచారు గానీ, నలభై దాటినా వాడికి వయసు రాలేదని ఆవిడ ఫిర్యాదు. ఆ ఫిర్యాదునే ఈ ఉదయం కూడా లోపల్లోపల చదువుకుంటూ పొయ్యి మీద సేమ్యా కలుపుతోంది. చక్కెర, యాలకులు, కుంకుమపువ్వు వేసి వండిన తియ్యటి సేమ్యా మీద ఉప్పు వేసిన గుడ్డట్టును దుప్పటిలా కప్పితే దాన్ని బలాలీత్ అంటారు. బహ్రెయిన్ వచ్చిన కొత్తలో ఇది చూసి నరసాయమ్మకి నోట మాట రాలేదు. ఇన్నేళ్ళ తర్వాత గుడ్డు లేని సేమ్యా కనబడితే వండినవాళ్ళు ఏదో మర్చిపోయారనిపిస్తుంది.

పొట్టి మనిషి. రెండు ముక్కుపుడకలు, తలకి కట్టిన నల్ల స్కార్ఫు, మడమల్లో పగుళ్ళు. క్లోరిన్ నీళ్ళకి వేళ్ళ కొసలు ఎంత అరిగిపోయాయంటే, ఆవిడ వేలిముద్రని ఆవిడ ఫోనే ఒప్పుకోదు. హమద్ టౌన్‌లోని ఈ ఇంట్లో ఇల్లాలిని ఆవిడ "మామా" అంటుంది. పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు. ఈ మామా ఆవిడ కంటే పదేళ్ళు చిన్నది.

బల్ల మీద అన్నీ సర్ది, చీపురు కోసం మెట్ల కింది గది తలుపు తీసింది. మూలన పూల దుప్పటిలో కట్టిన పెద్ద మూట. అది గాజు దీపాల గుత్తి, హాల్లో పైనుంచి వేలాడే షాండ్లియర్. మామా తన హాలుకి కొత్తది కొనుక్కుని పాతది నరసాయమ్మకిచ్చింది. రాజోలు దగ్గర కట్టుకుంటున్న రెండు గదుల ఇంట్లో దాన్ని వేలాడదీయాలని ఆవిడ మురిసిపోయింది. కప్పు ఎత్తెంతో దీపం పొడవెంతో చూసుకోలేదు. తగిలిస్తే దాని కింద మనుషులు పాకాలి. ఆ మురిపెం రెండేళ్ళ కిందటిది. ఇప్పుడు ఆ మూట చుట్టూ చీపురు తిప్పి తుడుస్తుందే తప్ప మూటని కదపదు.

"యల్లా నరసా, మధ్యాహ్నం వంట వేళకి వచ్చెయ్యాలి," అంది మామా, ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఇన్షా అల్లా మామా," అంది నరసాయమ్మ. రానన్నా వస్తానన్నా ఆ ముక్కే సరిపోతుంది.

రెండేళ్ళ కిందట ముసలయ్య ఇళ్ళ సామాన్లు మార్చే ఒక చిన్న కంపెనీలో పికప్ డ్రైవరు. ఇదే ఊళ్ళో, రౌండబౌట్ దగ్గర బండి వేగంగా తిప్పాడు. వెనక సామాన్ల మీద కూర్చున్న హెల్పరు గంగాప్రసాద్ రోడ్డు మీద పడి అక్కడికక్కడే పోయాడు. జగిత్యాల వైపు మనిషి. గాలి కోసం తనంతట తనే పైకెక్కాడని కంపెనీవాళ్ళు చెప్పారు. ముసలయ్య ఔననలేదు, కాదనలేదు. మూడేళ్ళు జైలు పడింది. ఇప్పుడు పండక్కి ముందు కొందరిని ముందుగా వదిలిపెడతారట. వదిలిపెట్టడమంటే జైలు గుమ్మం నుంచి నేరుగా విమానం ఎక్కించి ఇంటికి పంపడం. దానికి ఈ రోజు విచారణ.

మనామాలో ట్రావెల్స్ ఆఫీసు పెట్టుకుని, సంఘసేవ పేరుతో మనవాళ్ళ కాగితాల పనులన్నీ నెత్తినేసుకునే సోమరాజు గారు ఈ విచారణల్లో తెలుగు నుంచి అరబ్బీలోకి చెబుతుంటారు. చెప్పడమే కాదు, చెప్పాల్సింది ముందుగా నేర్పుతారు కూడా. ఆయన లెక్కలో పశ్చాత్తాపానికి ఒక వరస ఉంది. మొదట పోయినవాడి పేరు పలకాలి. తర్వాత బాధ్యుణ్ణి నేనే అనాలి. అక్కడ కాసేపు ఆగాలి, కన్నీళ్ళొస్తే మంచిది, రాకపోతే తలొంచుకుంటే చాలు. ఆపైన జైల్లో ఏం నేర్చుకున్నాడో చెప్పి దణ్ణం పెట్టాలి. ఎండ, టైరు, సైతాను, తలరాత అనే మాటలు నోట్లోంచి రాకూడదు.

"కమిటీలో కూర్చునే మేడం చాలామంది మగాళ్ళ పశ్చాత్తాపం విన్న మనిషమ్మా. మోసపోదు," అన్నారాయన.

ఆ లెక్కన ఏ ఇల్లాలినైనా తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టొచ్చు.

జైలు నుంచి ఫోను వచ్చినప్పుడల్లా నరసాయమ్మ తమ్ముడికి ఈ పాఠం వల్లె వేయించింది.

"ఏరా, ఏం సెప్తావు?"

"ఆ రోజు ఎండగా ఉందండీ అంటాను."

"ఎండ సంగతి నిన్నెవరడిగార్రా?"

"మరి కళ్ళు సెదిరాయి కదక్కా."

"ఎవరి కళ్ళు?"

"నాయే అనుకో."

"అనుకోడం కాదు. బండెవరు నడిపారు?"

"బండి నడుత్తాదక్కా. నేను కూకున్నాను."

ఆవిడ ఫోను పెట్టేసి చెంపలు వాయించుకుంది, తనవే.

మనామా బస్సులో ముందు సీట్లు ఆడవాళ్ళవి. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో సంచి పట్టుకుని, నరసాయమ్మ పెదాలు కదుపుతూ తమ్ముడి మాటల్ని తను ఒప్పజెప్పుకుంది. బాధ్యుణ్ణి నేనే. నా నిర్లక్ష్యమే. పక్కనున్న ఫిలిప్పీన్స్ పిల్ల ఆవిడ జపం చేసుకుంటోందనుకుని కాస్త జరిగి చోటిచ్చింది.

విచారణ గదిలో ఏసీ చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. పొడుగు బల్లకి అటు నల్ల అబాయాలో కమిటీ మేడం, ఇద్దరు అధికారులు. ఇటు సోమరాజు గారు, పక్కన నరసాయమ్మ. గోడ మీది టీవీలో ముసలయ్య. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టంతా తెల్లబడింది. వాడు చివరికి పేరుకి తగ్గ మనిషయ్యాడు.

బల్ల మీద నీళ్ళ సీసాకి ఆనించిన సోమరాజు గారి ఫోన్లో మరో మొహం. గంగాప్రసాద్ భార్య జమున. పోయినవాడి తరఫువాళ్ళ మాట కూడా కమిటీ వింటుంది. జమున చేయాల్సిందల్లా మాకు అభ్యంతరం లేదని చెప్పడమే. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీల ఆకు కత్తిరిస్తూనే మాట్లాడటానికి కూర్చుంది.

ముసలయ్య మొదలుపెట్టాడు. "గంగాప్రసాద్ గారి మరణానికి బాధ్యుణ్ణి నేనే. నా నిర్లక్ష్యమే కారణం." ఆగాడు. తలొంచుకున్నాడు. పద్యం ఒప్పజెప్పే పిల్లాడిలా ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాడు. నరసాయమ్మకి ఆనందమైంది. పుట్టి బుద్ధెరిగాక వాడి నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి.

మేడం ఏదో అడిగింది. సోమరాజు గారు గొంతు సవరించుకుని తెలుగులో చెప్పారు. "నిర్లక్ష్యమంటే నువ్వు ఏం చేశావో చెప్పమంటున్నారు."

"అదేనండి. నిర్లక్ష్యం."

మేడం పెన్ను కింద పెట్టి మరో మాటంది. ఈసారి సోమరాజు గారు చెప్పడానికి కొంచెం తటపటాయించారు. చెప్పక తప్పలేదు. "నిన్న ఒకతను ఇవే మాటలు ఇదే వరసలో చెప్పాడట. తలొంచుకోవడంతో సహా."

నిన్నటి అతనికి నేర్పింది కూడా ఆయనే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మేడం ఫోను వైపు తిరిగింది. పోయినాయన భార్యగా మీరు ఇతన్ని క్షమిస్తున్నారా అని అడిగించింది.

ఆకు కత్తిరిస్తున్న చేయి ఆగలేదు. "సమిస్తనా లేదా అన్నది తర్వాత సార్. ముందుగాల నాకొకటి చెప్పుర్రి. మా ఆయన ఎనుక ఎందుకు కూసున్నడు?"

సోమరాజు గారు తెల్లబోయారు. "అమ్మా, అది కంపెనీవాళ్ళు..."

"కంపెనోళ్ళు చెప్పిర్రు, గాలికి తనే ఎక్కిండని. రెండేండ్ల సంది మా అత్తగారోళ్ళు, వాడకట్టోళ్ళు అందరు గదే అంటున్నరు. దుబాయికి పోయి పోరగానోలె బండెక్కి పానం తీసుకున్నడని. నా బిడ్డ గూడ నమ్మింది. ఆయన గసొంటోడు కాదు సార్. సైకిల్ మీద గూడ సక్కగ కూసుండెటోడు. ముందట సీటుండంగ ఎనుక ఎందుకు కూసున్నడు?"

సోమరాజు గారు అరబ్బీలో చెప్పారు. మేడం టీవీ వైపు చూసింది. అందరూ చూశారు. ముసలయ్య పెదాలు కదిలాయి, నేర్చుకున్న పాఠంలో ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటున్నట్టు. ఆ పాఠంలో అది లేదు.

"ముందు సీటు కాళీ లేదమ్మా," అన్నాడు.

"ఇంకెవలున్నరు?"

"ఎవరూ లేరు. దీపం ఉంది."

ఫోన్లో కత్తెర చప్పుడు ఆగింది. సోమరాజు గారు అరబ్బీలోకి చెప్పబోయి నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. "ఏమన్నావయ్యా?"

"గాజు దీపమండి. ఏలాడదీసేది. ఎనకేత్తే పగిలిపోద్దని ముందు పెట్టాను. గంగన్నని ఎనక్కి ఎక్కమంది నేనే. ఆయన గాలికి ఎక్కలేదమ్మా. సామానుకి తాడు కడదామన్నాడు, దగ్గరే కదా ఎందుకన్నాను. దీపానికి మట్టుకి సీటు బెల్టు పెట్టాను. మలుపులో జోరుగా తిప్పాను. అద్దంలో చూత్తే ఎనక మనిసి లేడు. పక్కకి చూత్తే దీపం ఊగుతా ఉంది. ఒక్క పూస పగల్లేదు."

సోమరాజు గారు ఒక్కో ముక్కా అరబ్బీలోకి మారుస్తుంటే, సీటు బెల్టు దగ్గర మేడం చేయెత్తి ఆపి, మళ్ళీ చెప్పించుకుంది. కేసు కాగితాల్లో బండిలో ఉన్న సామానంతా ఉంది. ఏది ఎక్కడ ఉందో మాత్రం రెండేళ్ళుగా ఎవరూ అడగలేదు.

"దీపం ఎవరిది?" అంది మేడం.

ఆ మాటని సోమరాజు గారు తెలుగులో చెప్పక ముందే నరసాయమ్మకి అర్థమైంది. ఇన్నేళ్ళుగా వంటింట్లో విన్న అరబ్బీ. టీవీలో ముసలయ్య కళ్ళు ఒక్క క్షణం పక్కకి తిరిగాయి. తెర మీద ఆవిడ వాడికి ఎక్కడ కనబడుతోందో, అటు.

"నాదేనండి," అన్నాడు. "ఎవరో పారేత్తే ఇంటికి పంపుదామని తెచ్చుకున్నాను."

చిన్నప్పుడు వాడు కుండ పగలగొట్టినప్పుడల్లా పరిగెత్తుకెళ్ళి, "జారిందే అమ్మా, ఆడేం సెయ్యలేదు" అని చెప్పింది నరసాయమ్మే. ఆ విద్య వాడికి ఎవరు నేర్పారో ఇన్నాళ్ళూ ఆవిడకి తోచలేదు. ఇప్పుడు వాడు, ఒక్క తప్పూ తనది కాని ముసలయ్య, తనది కాని దాన్ని నాదేనంటున్నాడు.

లేచి చెప్పాలి. కాళ్ళు ఆ మాటే అన్నాయి. కానీ ఇప్పుడు నోరు తెరిస్తే వాడు అబద్ధమాడాడని తేలుతుంది, విడుదల ఆగిపోతుంది. ఆవిడ సంచి పిడిని గట్టిగా పట్టుకుని కూర్చుంది.

జమున కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. "అయితే ఆయన తప్పు లేదు గద. గదే మా ఊర్ల చెప్త. నా బిడ్డకు చెప్త." ఒళ్ళోని చాట పక్కన పెట్టింది. "దీపానికి బెల్టు పెట్టిర్రా..." అని తనలో తను అనుకున్నట్టు అంది. "ఇడిసిపెట్టుర్రి సార్. ఇన్నొద్దులకు ఒకడన్న నిజం చెప్పిండు."

బయటికొచ్చాక సోమరాజు గారు లిఫ్టు మీట నొక్కడం మర్చిపోయి నిలబడ్డారు. "చివర్లో మీ తమ్ముడు చెప్పిందాంట్లో నేను నేర్పింది ఒక్క ముక్క లేదమ్మా," అన్నారు. చివరికి మీట నొక్కి, "నేను నేర్పింది నిన్నటివాడు చెప్పాడు. వాణ్ణి వదల్లేదు," అన్నారు.

తిరుగు బస్సులో నరసాయమ్మ వెనక సీట్లోకి వెళ్ళి కూర్చుంది. "మేడం, ముందు, ముందు ఖాళీ," అని డ్రైవరు అద్దంలోంచి చేయి ఊపాడు. ఆవిడ కదల్లేదు. మధ్యాహ్నం చేపల మజ్బూస్ అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసింది. మామా ఒక ముద్ద తిని, కంచం పక్కకి నెట్టి, విచారణ బాగా జరగలేదేమో అనుకుంది.

పండక్కి వారం ముందు, మామా పిల్లలతో జుఫైర్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్ళిన పూట, తెలియని నంబరు నుంచి ఫోను మోగింది.

"అక్కా, నేను. ఎయిర్‌పోర్టులో ఉన్నాను. పోలీసాయన మంచోడు, ఫోనిచ్చాడు. ఇప్పుడే ఎక్కించేత్తారంట."

"తిన్నావేంట్రా?"

"రొట్టె పెట్టారు."

ఇంకేం అడగాలో తోచక ఆవిడ అసలుది అడిగేసింది. "ఆ రోజు నీదని ఎందుకు సెప్పావురా?"

"నామీద ఎలాగూ ఉంది కదక్కా. ఇంకొకటి ఎక్కితే బరువేటి?" అవతల ఎవరో పిలిచారు. "నువ్వింకా ఆళ్ళింట్లో పని సేసుకోవాలి కదా. ఉంటానక్కా. ఆ దీపాన్ని మట్టుకి ఇంటికి పంపకు."

అంతే. ఇరవై ఏళ్ళు ఒకే దీవిలో బతికిన అక్కాతమ్ముళ్ళు అలా విడిపోయారు, రొట్టె సంగతి మాట్లాడుకుని.

ఆవిడ పిండి చేతులు కడుక్కుని మెట్ల కింది గదిలోకి వెళ్ళింది. ముసలయ్యకి శిక్ష పడ్డాక కంపెనీవాళ్ళు ఆ మూటని తెచ్చి గుమ్మంలో పడేసి పోయారు. అప్పట్నుంచీ విప్పలేదు. ఇప్పుడు నేల మీద చతికిలబడి ముడి విప్పింది. దుప్పటి మడతలు నాలుగు పక్కలకీ పడ్డాయి. ఇత్తడి కొమ్మలు, గాజు పూసల గొలుసులు, అన్నీ భద్రంగా ఉన్నాయి. మధ్యలో, పూసలు ఒకదానికొకటి తగలకుండా, గొలుసుల సందుల్లోంచి జాగ్రత్తగా మెలితిప్పి చుట్టిన గుడ్డ ఒకటుంది. తను దుప్పటి మాత్రమే కట్టింది. ఈ గుడ్డ తనది కాదు.

ఎర్ర గళ్ళ తువ్వాలు. అంచున చెమట చార.

ఊరికి పంపడానికి దీపాన్ని తమ్ముడి బండెక్కించిన ఆ రోజు, ఇదే ఇంటి గుమ్మంలో అది గంగాప్రసాద్ తలకి చుట్టి ఉంది. పికప్‌లో డ్రైవరు పక్కన ఒక్క సీటే. "ముందు పెట్టరా, ఎనకేత్తే పగిలిపోద్ది," అంది తను. ముసలయ్య గంగాప్రసాద్ వైపు చూశాడు. గంగాప్రసాద్ అప్పటికే సీట్లో కూర్చుని ఉన్నాడు. తనిచ్చిన మజ్జిగ సీసా చేతిలో పట్టుకుని, "ఏం గాదక్కా, నేను ఎనుకకు పోత," అని దిగాడు. మూట ఎత్తిపెట్టడానికి సాయం పట్టాడు. తను లోపలికొచ్చి వంట చూసుకుంది. బండి కదిలేలోపు ఆ మనిషి మూట విప్పి, తల మీది గుడ్డ తీసి దీపానికి చుట్టి, మళ్ళీ ముడేశాడన్నమాట. నెత్తిన ఎండ, ఒంటి కింద సోఫా, ఎక్కడా పట్టుకునే ఆసరా లేదు.

ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నది తమ్ముడి విడుదల కోసమని తనకి తను చెప్పుకుంది. ఆ సాకు ఇప్పుడే విమానం ఎక్కి వెళ్ళిపోయింది. ఇక ఇంట్లో మిగిలింది తనొక్కతే.

ఫోను వేలిముద్ర ఒప్పుకోలేదు. మూడోసారికి పిన్ నంబరు కొట్టి తెరిచి, సోమరాజు గారి దగ్గర తీసుకున్న జమున నంబరుకి చేసింది.

"ఎవలు?"

"నేనమ్మా జమునా, ముసలయ్య అక్కని."

"ఆ, చెప్పుర్రక్కా. పోయిండా మీ తమ్ముడు?" వెనకాల కత్తెర, కర కర.

"ఎక్కాడమ్మా. నీకో మాట... గంగన్న తువ్వాలు దొరికింది."

"ఎర్ర గళ్ళదా?" గొంతు మారిపోయింది. "సామానంతా పంపిర్రు గని అది రాలేదక్కా. నేనే కొనిచ్చిన. ఏడ దొరికింది?"

"దీపంలో. పగలకుండా చుట్టాడు."

జమున, అనుమానంతో కాదు, తెలియక అడిగింది. "మీ తమ్ముని దీపం మీ కాడ ఎట్లున్నదక్కా?"

"అది... ఆ రోజు ఏమైందంటే అమ్మా, ముందు పెట్టడం అయ్యింది, మరి తోవలో..."

తన గొంతు తనకే వినబడింది. అచ్చం ముసలయ్య. ఎండ, టైరు, బస్సు అన్నీ వరసగా నాలుక చివర నిలబడి ఉన్నాయి, ఏది కావాలంటే అది తీసుకోమని. సోమరాజు గారి పాఠం కూడా అక్కడే ఉంది, తలొంచుకోవడంతో సహా. చూసేవాళ్ళెవరూ లేరు. నరసాయమ్మ తలెత్తింది.

"కాదమ్మా. ఆ దీపం నాది. ముందు సీట్లో పెట్టమంది నేను. గంగన్న కూకున్న సీటది. నా కళ్ళ ముందే దిగి ఎనక్కెళ్ళాడు. చూశాను. చూసి, దీపం బాగా పెట్టార్రా అని మళ్ళీ దీపం గురించే అడిగాను. మొన్న మేడం అడిగినప్పుడు కూడా నోరు మూసుకు కూకున్నాను. తప్పు నాది."

కత్తెర చప్పుడు ఆగిపోయింది. జమున ఫోను పెట్టలేదు. ఇద్దరి మధ్యా సముద్రం మీది గాలిలా ఏదో హోరు మాత్రం వినిపిస్తోంది. నరసాయమ్మ ఫోను చెవికి ఆనించుకునే, రెండో చేత్తో తువ్వాలుని గాజు పూసల మధ్య నుంచి ఒక్కో మెలికా తప్పిస్తూ బయటికి తీసి మోకాళ్ళ మీద పరిచింది. ఎంత సాపు చేసినా అది సాపు కాలేదు. రెండేళ్ళుగా కాపలా కాసిన పూసల అచ్చులు గుండ్రంగా, ఒక్కటీ చెరిగిపోకుండా, ఆ ఎర్ర గళ్ళ మీద అలాగే ఉన్నాయి.